పిల్లి ఎందుకు గీరుతుంది? మన ఇళ్ళ చరిత్రలో దొరికే జవాబు



ఇక్కడ మనం ఇంతకాలం మన వలసల గురించి, ఇంటిపేర్ల గురించి, ఊరు దాటి వచ్చిన దేవతల గురించి రాసుకుంటూ వచ్చాం. ఈసారి పిల్లి గురించి రాస్తున్నామంటే కొందరు నవ్వుకుంటారు. నవ్వినా పర్వాలేదు, చివరిదాకా చదవండి. మన కుటుంబాలు చాలావరకు పేటల్లోని పెంకుటిళ్ళు వదిలి ఫ్లాట్లలోకి వచ్చేశాయి. వాటితోపాటు పిల్లులూ వచ్చాయి. ఆ వెనకే ఒక తగాదా వచ్చింది. సోఫా చింపిందని ఇంట్లో గొడవ, తలుపు గీరిందని ఇంటి ఓనరుతో గొడవ. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి గోళ్ళు పూర్తిగా తీయించేస్తే పీడా వదులుతుంది కదా అని అడిగేవారు ఒకరు. గోనెసంచిలో వేసి మార్కెట్ దగ్గర వదిలేసి వచ్చేవారు మరొకరు.

మన పెద్దల ఇళ్ళల్లోనూ పిల్లులు ఉండేవి. వాటికీ గోళ్ళు ఉండేవి. అవీ గీరేవి. కానీ పిల్లి గీరడం అనేది ఒక సమస్యగా ఎవరూ చెప్పుకోలేదు. అప్పటికీ ఇప్పటికీ మధ్య మారింది పిల్లి కాదు, ఇల్లు. ఇది తెలిస్తే తగాదా సగం తీరుతుంది. అందుకే ఈ చరిత్ర.

ముందు మాటల సంగతి చూద్దాం. మనలో ఎవరి ఇంటి తెలుగులో పక్క భాష ఎంత కలిసిందో పిల్లి దగ్గరే తెలిసిపోతుంది. కన్నడిగులకది బెక్కు, తమిళులకు పూనై, మరాఠీవారికి మాంజర్, ఒడియావారికి బిలెయి. గోళ్ళతో చేసే పనికీ ఒక్కో చోట ఒక్కో మాట. కన్నడంలో పరచు, తమిళంలో పిరాండు, మరాఠీలో బోచకారణే. తెలుగులో మాత్రం మనవాళ్ళు ఒక తేడా పాటించారు. పిల్లి మనిషి మీద గోళ్ళు వేస్తే అది రక్కడం. స్తంభం మీదో చెట్టు మీదో వేస్తే అది గీరడం, గీకడం. రక్కడం కోపంతోనో భయంతోనో చేసేది. గీరడం రోజువారీ పని. ఈ రెండింటినీ కలిపేసి, సోఫాను గీరిన పిల్లి మన మీద పగబట్టిందనుకోవడంతోనే సగం చిక్కు మొదలవుతుంది.

మరి ఆ రోజువారీ పని ఎందుకు? పిల్లికి ముందు కాళ్ళకు ఐదేసి, వెనక కాళ్ళకు నాలుగేసి, మొత్తం 18 గోళ్ళు. కుక్క గోళ్ళలా ఇవి ఎప్పుడూ బయట ఉండవు. కత్తి ఒరలో ఉన్నట్టు లోపలికి ముడుచుకుని ఉంటాయి, కావాలనుకున్నప్పుడు నరం లాగితే బయటికి వస్తాయి. గోరు పొరలు పొరలుగా పెరుగుతుంది. పై పొర పాతబడి మొద్దుబారితే దాన్ని ఊడదీసుకోవాలి, కింద కొత్త మొన సిద్ధంగా ఉంటుంది. గరుకు చెక్కను పట్టుకుని లాగితేనే ఆ పాత పొర ఊడుతుంది. పిల్లి పడుకునే చోట గోరు ఆకారంలో తెల్లటి డిప్పలు దొరకడం చాలామంది చూసే ఉంటారు. అవి ఊడిన గోళ్ళు కావు, పై తొడుగులు.

రెండో కారణం ఒళ్ళు విరుచుకోవడం. నిద్ర లేవగానే పిల్లి ముందు కాళ్ళు చాచి, గోళ్ళు నాటి, నడుము వెనక్కి లాగుతుంది. భుజాలు, వెన్ను, కాళ్ళ కండరాలు అన్నీ ఒక్కసారి సాగుతాయి. మూడోది, మనకు కనిపించనిది. పిల్లి కాలి వేళ్ళ మధ్య వాసన గ్రంథులు ఉంటాయి. గీరినప్పుడు ఆ వాసన అక్కడ అంటుకుంటుంది. కంటికి కనబడే గీత ఒకటి, ముక్కుకు తెలిసే గుర్తు ఒకటి, రెండూ కలిసి "ఇది నేను తిరిగే చోటు" అని చెబుతాయి. అందుకే పిల్లి ఇంట్లో ఏ మూలనో కాకుండా అందరూ తిరిగే హాల్లో, తలుపు పక్కన, మనం రోజూ కూర్చునే సోఫా చేతిమీదే గీరుతుంది. మనం ఎక్కువ కూర్చున్న చోట మన వాసన ఉంటుంది. దాని పక్కన తన వాసన పెట్టుకుంటుంది. మనం తిట్టేది ఆ పనికే.

ఈ అలవాటు ఎంత పాతదో చూడాలంటే వేల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. 2007లో వచ్చిన జన్యు పరిశోధన ప్రపంచంలోని ఇంటి పిల్లులన్నిటి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల అడవి పిల్లి అని తేల్చింది. మనిషి ధాన్యం పండించి కొట్టాల్లో దాచడం మొదలుపెట్టాక ఎలుకలు చేరాయి. ఎలుకల వెనక పిల్లి వచ్చింది. ఆవును, మేకను మనిషి పట్టి తెచ్చి మచ్చిక చేశాడు. పిల్లి మాత్రం తన పని చూసుకుని తానే వచ్చింది. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో మనిషి పక్కనే పిల్లినీ పూడ్చారు. 2004లో ఆ వివరాలు లోకానికి తెలిశాయి. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు. అంటే ఎవరో పడవలో వెంట తీసుకెళ్ళారన్నమాట. వలస వెళ్ళేటప్పుడు పిల్లిని చంకన పెట్టుకుని వెళ్ళిన మొదటివాళ్ళం మనం కాదు.

మన ఉపఖండానికి వస్తే, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సింధ్‌లోని చన్హుదారోలో 1935-36 తవ్వకాల్లో ఎర్నెస్ట్ మెకేకు ఒక ఇటుక దొరికింది. సింధు నాగరికత నాటి పచ్చి ఇటుక. ఆరబెట్టినప్పుడు దాని మీదుగా పిల్లి పరిగెత్తింది, వెనకే కుక్క పరిగెత్తింది. రెండింటి అడుగులూ ఇటుకలో అచ్చుపడ్డాయి. అంటే నాలుగు వేల ఏళ్ళ కిందటే ఇటుకల బట్టీ చుట్టూ, మనుషుల వాకిళ్ళ చుట్టూ పిల్లి తిరుగుతోంది.

తమిళనాడులో ఉన్న మన సభ్యులు మామల్లపురం చాలాసార్లు చూసే ఉంటారు. ఏడో శతాబ్దపు పల్లవుల కాలంలో పెద్ద బండ మీద చెక్కిన ఆ శిల్పాన్ని కొందరు అర్జునుడి తపస్సు అంటారు, కొందరు గంగావతరణం అంటారు. పెద్ద ఏనుగుల దగ్గర చిన్న బొమ్మ ఒకటి ఉంటుంది, ఈసారి వెళ్ళినప్పుడు వెతకండి. పిల్లి వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు రెండూ తలపైకి ఎత్తి తపస్సు చేస్తుంటుంది. చుట్టూ ఎలుకలు. మహాభారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు ఉలూకుడితో పంపిన కబురులో ఇలాంటి దొంగ తాపసి పిల్లి కథ వస్తుంది. గంగ ఒడ్డున చేతులెత్తి నిలబడి, ఎలుకల్ని నమ్మించి, ఒక్కొక్కటిగా తినేసే పిల్లి అది. శిల్పానికీ ఆ కథకూ సంబంధం ఉందని చాలామంది అంటారు.

మా కంటికి ఆ భంగిమలో ఇంకోటి కనిపిస్తుంది. నిటారుగా నిలబడి ముందు కాళ్ళు పైకి చాచడం పిల్లి ఎప్పుడు చేస్తుంది? స్తంభాన్నో చెట్టునో గీరబోయేటప్పుడు చేస్తుంది. ఆ బండ చెక్కిన శిల్పి పిల్లి ఒళ్ళు విరుచుకోవడాన్ని రోజూ చూసినవాడే అయ్యుంటాడని మేము అనుకుంటాం. మనిషి చూస్తే అది తపస్సులా ఉంటుంది, పిల్లికి అది ఉదయపు వ్యాయామం.

కర్ణాటకలోని మన సభ్యులకు హంపీ చెప్పనక్కర్లేదు. అక్కడి గాలిలోనే తెనాలి రామకృష్ణుడి కథలు ఉన్నాయి. విజయనగరంలో ఎలుకల బెడద పెరిగితే కృష్ణదేవరాయలు ఇంటికో పిల్లినీ, దానికి పాల కోసం ఒక ఆవునూ ఇచ్చాడని, రామకృష్ణుడు తన పిల్లికి మొదటి రోజే మరిగే పాలు పోశాడని, మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలు చూస్తేనే పారిపోయిందని మనకందరికీ తెలిసిన కథ. ఇది జనం చెప్పుకున్న కథ, శాసనంలో ఉన్న సంగతి కాదు. అయినా ఇందులో రెండు నిజాలున్నాయి. ఎలుకలకు మందు పిల్లి అని ఊరంతా నమ్మేది. ఇక పిల్లి ఒక్క దెబ్బతో నేర్చుకుంటుంది, కానీ మనం నేర్పాలనుకున్నది నేర్చుకోదు. ఆ పిల్లి "వేడి పాలు తాగకూడదు" అని నేర్చుకోలేదు, "పాలంటేనే ప్రమాదం" అని నేర్చుకుంది. సోఫా గీరినప్పుడు చెప్పుతో కొడితే మన పిల్లీ అంతే. "సోఫా గీరకూడదు" అని నేర్చుకోదు. "ఈ మనిషి దగ్గర ప్రమాదం" అని నేర్చుకుంటుంది. మనం లేనప్పుడు మళ్ళీ అక్కడే గీరుతుంది.

ఇప్పుడు మన తాతల ఇంటిలోకి వద్దాం. మట్టి గోడలు, తాటి దూలాలు, వరండాలో వేప స్తంభాలు. పెరట్లో కొబ్బరి, మునగ. అరుగు పక్కన వడ్ల బస్తాలు, నులక మంచం. పాలు, పెరుగు ఉట్టి మీద. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు అనే సామెత ఆ ఇంట్లోనే పుట్టింది. పిల్లి నుంచి పాలు కాపాడుకోవడానికి పెద్దలు పిల్లిని మార్చలేదు, పాలకుండను పైకి కట్టారు. ఇంటి అమరికే జవాబు చెప్పింది. ఆ ఇంట్లో పిల్లికి గీరడానికి చోటు కావాలంటే వంద చోట్లు. వేప స్తంభం గీరితే ఎవరికీ పట్టదు. కొబ్బరి చెట్టుకు పిల్లి గోరు లెక్కే కాదు. పైగా పిల్లి రాత్రంతా బయటే తిరిగేది. దాని గీతలు ఊరంతా పంచబడేవి.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త ఉండేది. షోలాపూర్, భివండీలకు తెలంగాణ నుంచి వెళ్ళిన మన పద్మశాలి కుటుంబాలవారికి ఇది చెబితే చటుక్కున అర్థమవుతుంది. పడుగుకు గంజి పట్టిస్తారు. గంజి వాసనకు ఎలుకలు వస్తాయి, దారం కొరుకుతాయి. కాబట్టి మగ్గం ఉన్న ఇంటికి పిల్లి కావాలి. కానీ ఆ పిల్లి గోరు పడుగు మీద పడితే పోగులు తెగుతాయి, అతకడానికి పూట పడుతుంది. అందుకని గోళ్ళున్న పిల్లే కావాలి, గోళ్ళు పడే చోటు మాత్రం వేరే ఉండాలి. ఈరోజు మనకున్న చిక్కు కూడా ఇంతే. ఇందులో కొత్తేమీ లేదు.

పిల్లి గోళ్ళకు అన్నిటికంటే విలువ పెరిగిన కాలం ప్లేగు కాలం. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. అప్పటికే తెలుగు కూలీలు స్థిరపడి, వారి పేరు మీదే కామాఠీపుర అని పిలవబడిన పేటతో సహా నగరమంతా అల్లాడింది. 1898లో బెంగళూరుకు పాకింది. ఇరుకు పేటలు ఖాళీ అయ్యాయి. బసవనగుడి, మల్లేశ్వరం లాంటి వెడల్పాటి వీధుల పేటలు జనంతో నిండడం వెనక ఆ భయం ఉంది. బెంగళూరులో ప్లేగు మారమ్మ గుళ్ళు, కోయంబత్తూరులో ప్లేగు మారియమ్మన్ గుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, మనవాళ్ళు ఇప్పటికీ అక్కడ పొంగళ్ళు పెడతారు. అదే 1898లో కరాచీలో పనిచేసిన ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమోన్ ఎలుక మీది గోమారి వల్లే ప్లేగు మనిషికి వస్తుందని చూపించాడు. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత అదే నిజమని తేలింది.

ఎలుకే కారణమైతే పిల్లి సంగతేమిటి? అమరావతిలో ఒక సివిల్ సర్జన్ ఉండేవాడు. ఇది కృష్ణా తీరపు అమరావతి కాదు, విదర్భ అమరావతి. పేరు ఆండ్రూ బుకానన్. ఆయన ఊరూరా ఇళ్ళెన్ని, పిల్లులెన్ని అని లెక్క తీయించాడు. పిల్లులు ఎక్కువగా ఉన్న ఊళ్ళల్లో ప్లేగు తక్కువగా ఉందని వాదించాడు. 1908లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దాని మీద రాశాడు. పిల్లికీ ప్లేగు సోకుతుందని, దాని నుంచి మనిషికీ రావచ్చని ఇప్పుడు వైద్యులకు తెలుసు. కాబట్టి బుకానన్ మాటను యథాతథంగా తీసుకోనక్కర్లేదు. కానీ నూరేళ్ళ కిందట ఒక ప్రభుత్వ వైద్యుడు ఇంటింటికీ గోళ్ళున్న పిల్లి ఉండాలని కోరాడన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

ఆ తర్వాత ఏమైంది? ధాన్యం ఇంట్లోంచి గోదాముకు పోయింది. బియ్యం సంచుల్లో కొట్టు నుంచి వస్తోంది. ఎలుకల మందు వచ్చింది. మట్టి గోడ సిమెంటు గోడయింది, నులక మంచం పోయి పరుపు వచ్చింది, ఉట్టి పోయి ఫ్రిజ్ వచ్చింది. పిల్లి ఉద్యోగం పోయింది, ఇంట్లో మాత్రం మిగిలింది. ఒకప్పుడు పని కోసం ఉన్నది ఇప్పుడు ప్రేమ కోసం ఉంది.

పిల్లిని పూర్తిగా ఇంట్లో బంధించడం కూడా కొత్తదే. అమెరికాలో 1947లో ఎడ్వర్డ్ లోవ్ అనే ఆయన, బూడిద బదులు ఏదైనా ఇవ్వమని పక్కింటావిడ అడిగితే, నీరు పీల్చే మట్టి గుళికలు ఇచ్చాడు. అది బాగుందని సంచుల్లో నింపి అమ్మాడు. ఇప్పుడు మన ఊళ్ళ పెట్ షాపుల్లో దొరికే కిట్టీ లిట్టర్ అదే. దాంతో పిల్లి బయటికి వెళ్ళాల్సిన ఆఖరి అవసరం కూడా పోయింది. అయితే బయట ఉన్న చెట్టు ఇంట్లోకి రాలేదు. చెట్టు లేని ఇంట్లో పిల్లి గోళ్ళు ఎక్కడికి పోతాయి? సోఫాకు పోయాయి.

దానికి అమెరికావారు కనిపెట్టిన విరుగుడు గోళ్ళు తీయించేయడం. 1950ల తర్వాత అక్కడ అది మామూలు ఆపరేషనైంది. మనలో కొందరు అడుగుతున్నది దీని గురించే, కాబట్టి సూటిగా చెబుతాం. అది గోరు కత్తిరించడం కాదు. పిల్లి గోరు చివరి ఎముకలోంచి పుడుతుంది. గోరు మళ్ళీ రాకుండా చేయాలంటే ప్రతి వేలి చివరి ఎముకనూ కోసేయాలి. మన చేతి వేళ్ళను చివరి కణుపు దగ్గర నరికేయడం ఎలాంటిదో ఇది అలాంటిది. పిల్లి వేళ్ళ మీద నడిచే జంతువు, జీవితాంతం ఆ మొండి వేళ్ళ మీదే నడవాలి. 137 గోళ్ళు తీసిన పిల్లుల్ని, అంతే సంఖ్యలో గోళ్ళున్న పిల్లుల్ని పోల్చి చూసిన ఒక అమెరికా అధ్యయనంలో గోళ్ళు తీసినవాటిలోనే నడుం నొప్పి, కరవడం, పెట్టె బయట మూత్రం పోయడం ఎక్కువగా కనిపించాయి. సోఫాను కాపాడుకుందామని చేసిన పని చివరికి పరుపును పాడుచేసింది. చేతిలో ఆయుధం లేనివాడు నోటితో పోరాడతాడు, అంతే కదా.

లోకం కూడా మెల్లగా ఇది తెలుసుకుంది. 1987 నాటి యూరోపు పెంపుడు జంతువుల ఒప్పందం గోళ్ళు తీయడాన్ని వద్దంది. ఫ్రాన్స్ కూడా అందులో ఉంది, అక్కడ బంధువులున్న యానాం సభ్యులు వారినే అడగవచ్చు. అమెరికాలోనే 2003లో వెస్ట్ హాలీవుడ్ నగరం, 2019లో న్యూయార్క్ రాష్ట్రం దీన్ని నిషేధించాయి.

మన దేశం ఇందులో వెనకబడలేదు. మదరాసులో కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా 1953లో జంతువుల కోసం సొంతంగా ఒక బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇవ్వడంతో ఆమె దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ మాట 1960లో జంతు హింస నివారణ చట్టమైంది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే మొదటి అధ్యక్షురాలు. ఆ మండలి ఆఫీసు చాలాకాలం మదరాసులోనే ఉండేది. ఆ చట్టం 11వ సెక్షన్ జంతువు అవయవం కోసి వికలం చేయడాన్ని క్రూరత్వంగా లెక్కించింది. సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడాన్ని కూడా అదే సెక్షన్ నేరమంది. మార్కెట్ దగ్గర గోనెసంచి విప్పేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఇంట్లో తిని పెరిగిన పిల్లికి వీధి తెలియదు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానమిచ్చినా పాపం పోదని మన అమ్మమ్మలు చెప్పేవారు. చంపకుండా వదిలేసి వస్తే పాపం అంటదనుకోవడం మనం మనకు చెప్పుకునే ఓదార్పు మాత్రమే.

మరి ఏం చేయాలి? మగ్గం ఇంటి పద్ధతే. గోళ్ళు పడే చోటు వేరే పెట్టాలి. ఒక బరువైన చెక్క దుంగకు కొబ్బరి తాడో జనపనార తాడో గట్టిగా, దగ్గర దగ్గరగా చుట్టండి. పిల్లి నిటారుగా నిలబడి పూర్తిగా ఒళ్ళు చాచినా పొట్టిపడనంత ఎత్తు ఉండాలి. లాగితే ఊగకూడదు, ఊగిందంటే పిల్లి మళ్ళీ దాని మొహం చూడదు. కొన్ని పిల్లులకు నిలువు నచ్చదు, నేల మీద గీరడం ఇష్టం. అలాంటివాటికి పాత గోనెపట్టా, కొబ్బరి పీచు చాప పరవండి. దీన్ని బాల్కనీ మూలన పడేస్తే లాభం లేదు. అది ఇప్పుడు గీరుతున్న సోఫా పక్కనే, పడుకుని లేచే చోటుకు దగ్గరగా పెట్టండి. అలవాటయ్యాక రోజుకు కొంచెం చొప్పున జరుపుకోవచ్చు. దుంగ గీరినప్పుడు ఓ చేప ముక్క పెట్టండి. సోఫా మీద కొన్నాళ్ళు మందపాటి దుప్పటి కప్పండి. రెండు మూడు వారాలకోసారి గోటి మొన మాత్రం కత్తిరించండి, లోపల గులాబీ రంగులో కనిపించే భాగం జోలికి పోకండి, అక్కడ రక్తనాళం ఉంటుంది. చేతకాకపోతే పశువుల డాక్టరు చేసి చూపిస్తారు.

కొట్టవద్దు. గదిలో పెట్టి కొడితే పిల్లయినా తిరగబడుతుందని మనకే సామెత ఉంది. ఫ్లాటంటే పిల్లికి తలుపులు మూసిన గదే. ఇన్నాళ్ళు గీరిన పిల్లి రక్కడం మొదలుపెట్టేది అక్కడే.

రక్కిందంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆ చోటును పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. చర్మం గీసుకుపోతే రక్తం రాకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించి రేబిస్ టీకా గురించి అడగాలి. పసుపు పెట్టి ఊరుకోవద్దు. ఇంటి పిల్లికీ ఏటా టీకా వేయించండి.

ఇక సంఘం తరఫున మూడు మాటలు. ఇల్లు మారుతూ పిల్లిని తీసుకెళ్ళలేని సభ్యులు దాన్ని వదిలేసే ముందు మన గుంపులో ఒక్క మాట రాయండి, చూసుకోగల ఇల్లు వెతుకుదాం. తాడు చుట్టిన దుంగ చేయడం వచ్చినవారు ఫొటో పెట్టి, ఎలా చేశారో నాలుగు ముక్కలు రాయండి. మీ ఇంటి పెద్దల్ని కూర్చోబెట్టి, వారి చిన్నప్పటి ఇంట్లో పిల్లి ఎక్కడ పడుకునేది, ఏ స్తంభం గీరేది, దాన్ని ఏ పేరుతో పిలిచేవారు అని అడిగి ఇక్కడ రాయండి. షోలాపూర్ మాట, బరంపురం మాట, హోసూరు మాట, యానాం మాట అన్నీ ఒక చోట చేరితే మన ఇళ్ళ చరిత్రకు అదీ ఒక పేజీ అవుతుంది.